తీసేయడమే గ్రాఫిక్స్‌లో సగం

పెళ్లి క్యాసెట్లకు మిక్సింగ్ చేసే రోజుల నుంచి ఫోనుతో సినిమా తీసే రోజుల దాకా తుళ్లూరులోనే ఈ పని చేసుకుంటూ వచ్చినవాణ్ని. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది షార్ట్ ఫిలిం వాళ్లు. షూటింగంతా ముగించుకుని, హార్డ్ డిస్కు చేతిలో పెట్టి, "బాబాయ్, డబ్బుల్లేవు, గ్రాఫిక్స్ మాత్రం అదిరిపోవాల" అంటారు. అప్పటికి నేను చెప్పగలిగింది కొంచెమే మిగులుతుంది. షూటింగుకు వారం ముందు వస్తే చెప్పదగ్గవి చాలా ఉంటాయి. ఆ వారంలో చదువుకోవడానికే ఇవి రాస్తున్నాను. నంబర్లు వేశాను గానీ అన్నిటికీ ఒకే బరువు లేదు.

1. ముందు తీసేయడం నేర్చుకోండి

గ్రాఫిక్స్ అనగానే కోట కట్టడం, పాముకు పడగ మొలిపించడం గుర్తొస్తాయి. చిన్న బడ్జెట్ సినిమాలో ఆ అవసరం ఎప్పుడోగానీ రాదు. రోజూ తగిలేది తీసేసే పని. అడ్డమొచ్చిన కరెంటు తీగలు, సెల్ టవరు, వెనకాల ఎవరో ఆపిన స్కూటీ, ఫ్లెక్సీలో నవ్వుతున్న నాయకుడు, ఫ్రేము పైనుంచి తొంగిచూసిన మైకు.

మా ప్రాంతంలో దీనికి తోడు ఇంకొకటుంది. పాతికేళ్ల కిందటి పత్తి రైతు కథ రాసుకుని చేలోకి వెళ్తే వెనకాల టవర్ క్రేను నిలబడి ఉంటుంది. ఇరవై తొమ్మిది ఊళ్ల భూములు రాజధాని కోసం పూలింగులో పోయాయి. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. తర్వాత కొన్నేళ్లు చేలకు చేలే తుమ్మకంప పట్టాయి, ఇప్పుడు మళ్లీ క్రేన్లు లేచాయి. ఒకప్పుడు అమరావతంటే గ్రాఫిక్సేనని వెక్కిరించారు. ఇవాళ నాకొచ్చే గ్రాఫిక్స్ పనేమో నిజంగా లేచిన భవనాన్ని కనపడకుండా చేయమని.

కెమెరా కదలకపోతే ఇది తేలిక. షాటులోంచి ఒక్క ఫ్రేమును ఫొటోగా బయటికి తీయండి. గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరులో క్రేను మీద పక్కనున్న ఆకాశాన్ని పూయండి. ఆ ముక్కను మాత్రమే కోసి షాటు మీద పెడితే షాటు పొడవునా పనిచేస్తుంది. దీన్నే ప్యాచ్ అంటాం. చూసేవాళ్ల కన్ను పట్టుకునేది అతుకు గీతను కాదు, ఆ ముక్కలో కదలిక లేకపోవడాన్ని. వీడియోలో ప్రతి ఫ్రేముకీ సన్నటి గ్రెయిన్ మారుతూ ఉంటుంది, ఫొటో ముక్కలో మారదు. అందుకని ప్యాచ్‌ను కాస్త మెత్తబరిచి, దాని మీద కదిలే గ్రెయిన్ వేయాలి. ఈ చివరి మెట్టు ఎగ్గొట్టినవాళ్ల పని పెద్ద టీవీలో ఇట్టే తెలిసిపోతుంది.

అన్నిటికంటే చౌకైన పద్ధతి కంప్యూటరు దాకా రాదు. రెండడుగులు పక్కకు జరగండి. కెమెరాను మోకాలెత్తుకు దించితే ముందున్న మిరపచేను క్రేనును సగం కప్పేస్తుంది. మిగిలిన సగానికి నాలుగు మిర్చి టిక్కీలు అడ్డం పెట్టండి.

2. కెమెరా కాళ్లు కదలకూడదు

మాస్కు పనికైనా, ప్యాచ్ పనికైనా మొదటి షరతు ఇదే. పాతవాళ్లు ఫిల్ము మీద ద్విపాత్రాభినయం ఎలా తీశారో ఒకసారి ఊహించుకోండి. లెన్సు ముందు ఎడమ సగం నల్లగా మూసి, కుడి పక్క నటుణ్ని తీసేవారు. ఫిల్మును అంతే మేర వెనక్కి తిప్పి, కుడి సగం మూసి, వేషం మార్చుకొచ్చిన అదే నటుణ్ని ఎడమ పక్క తీసేవారు. ఈలోపు కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత పడేది. ల్యాబులో కడిగి వచ్చేదాకా ఏం పడిందో తెలిసేది కాదు. 1961లో ఎన్టీఆర్ దర్శకత్వంలో వచ్చిన ‘సీతారామ కళ్యాణం’తో ఛాయాగ్రాహకుడిగా పరిచయమైన రవికాంత్ నగాయిచ్ ఈ విద్యలో అందెవేసిన చెయ్యి. ఆ సినిమాలో రావణుడు కైలాసాన్ని ఎత్తే ఘట్టాన్ని ఇప్పుడు యూట్యూబులో ఒక్కో ఫ్రేమూ ఆపి చూడొచ్చు. డబ్బిచ్చి నేర్చుకునే కోర్సుల్లో కొన్నిటికంటే అది మేలు.

మనం అదే పనిని టైమ్‌లైను మీద రెండు లేయర్లు, మధ్యలో మాస్కు గీసి చేస్తున్నాం. ఆ గీత ఖాళీ గోడ మీదుగా పోనివ్వకండి. గుంజ అంచునో, తలుపు చట్రం అంచునో పట్టుకుని పోనివ్వండి. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి. ఫోనుకు వదిలేస్తే రెండో టేకులో గోడ రంగే మార్చేస్తుంది. రెండు సగాలకూ మధ్య ఆలస్యం చేస్తే నీడలు జరిగిపోతాయి కాబట్టి వేషం మార్పు ముందే సిద్ధంగా ఉండాలి.

ఇంకో సంగతి. మన నల్లరేగడి తడిగా ఉంటే ట్రైపాడ్ కాలు మెల్లగా దిగబడుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టండి.

3. నటులు పక్కకు తప్పుకున్నాక పది సెకన్లు

ప్రతి షాటు అయ్యాక అందర్నీ పక్కకు పంపి, కెమెరా ముట్టుకోకుండా, ఖాళీ ఫ్రేమును పది సెకన్లు తీయండి. దీన్ని క్లీన్ ప్లేట్ అంటారు. తాడు తీసేయాలన్నా, మనిషిని మాయం చేయాలన్నా వెనకాల ఏముందో చూపించేది ఇదొక్కటే. ఇది లేకపోతే ఆ గోడను, ఆ చెట్టును ఎడిటింగు గదిలో కూర్చుని బొమ్మ గీసుకోవాలి.

రాజధాని ఊళ్లలో తీసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. డబ్బులు చాలక ఆరు నెలలకు రెండో షెడ్యూలు పెట్టుకుంటారు. అప్పటికి మట్టిరోడ్డు తారురోడ్డయి ఉంటుంది, ఖాళీ జాగాలో మూడంతస్తులు లేచి ఉంటాయి. అందుకని మొదటి షెడ్యూల్లోనే ప్రతి లొకేషనులో నిలబడిన చోటు నుంచి చుట్టూ తిరుగుతూ, ఒకదాని మీద ఒకటి మూడోవంతు కలిసేలా ఫొటోలు తీసుకోండి. రేపు వెనకాల దృశ్యం కావాలంటే అవే దిక్కు. మెరిసే స్టీలు చెంబు ఒకటి నటుడు నిలబడిన చోట పెట్టి దాన్నీ ఒక ఫొటో తీయండి. ఎండ ఏ పక్క నుంచి పడుతోందో, నీడ పక్క ఎంత వెలుగుందో దాని వంపు మీద కనపడుతుంది. హాలీవుడ్ వాళ్లు ఇదే పనికి అద్దంలాంటి గోళం వాడతారు.

4. మధ్యాహ్నాన్ని రాత్రి చేయడం

‘మాయాబజార్’ 1957లో వచ్చింది. అందులో పడవ మీద వెన్నెల పాట చూసి పెరిగిన తరాలకు అది నిజం వెన్నెల కాదంటే నమ్మబుద్ధి కాదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే చేసిన మాయ అది. ఆ సినిమాలోనే ద్వారకను దూరం నుంచి చూపించడానికి యాభై అడుగులకు అరవై అడుగుల చోటులో మూడొందల దాకా బుల్లి ఇళ్లు కట్టి, వాటికి దీపాలు పెట్టారని చెబుతారు. లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి పోతాయి. అక్కడ కంప్యూటరు అన్న మాటే లేదు. ముందుగా ఆలోచించుకోవడం, దేన్ని ఎక్కణ్నుంచి చూపించాలో తెలిసుండటం, అంతే ఉంది.

రాత్రి పూట పొలంలో లైట్లు పెట్టాలంటే జనరేటరు కావాలి, మనుషులు కావాలి, ఖర్చు మూడింతలు. పగలే తీసి రాత్రి చేసుకోవచ్చు. సూర్యుడు నటుల వెనకో, వెనక పక్కనో ఉండాలి, ముఖం మీద ఎండ పడకూడదు. ఆకాశం ఫ్రేములోకి రానివ్వకండి. వస్తే దాన్ని విడిగా మాస్కు కట్టి చీకటి చేయాలి. వైట్ బ్యాలెన్స్ 3200కు దించండి, ఒకటిన్నర స్టాపు తక్కువ వెలుగులో తీయండి. ఆ తర్వాత డీఐలో, అంటే రంగులు దిద్దే దశలో, గాఢత తగ్గించి, వెలుగు పడ్డ అంచులు మాత్రం చంపకుండా ఉంచండి. చాలామంది మొత్తాన్నీ నీలంలో ముంచేస్తారు. మా రోజుల్లో పెళ్లి వీడియోల్లో మొదటి రాత్రి గదికి అలా నీలం కొట్టేవాళ్లం, అది అక్కడితో పోవాలి. వెన్నెల్లో కళ్లకు రంగులు సరిగా ఆనవు, కాబట్టి రంగు తగ్గడమే రాత్రి గుర్తు. చివరగా గుడిసె కిటికీలోనో, దూరపు కరెంటు స్తంభం మీదో ఒక పసుపు వెలుగు చుక్క పెడితే కన్ను దానికి అతుక్కుని మిగతాది నమ్ముతుంది.

బుల్లి బొమ్మలు కట్టి తీసేవాళ్లకు ఒక లెక్క. బొమ్మ అసలు దాంట్లో పదహారో వంతు ఉంటే, పదహారుకు వర్గమూలం నాలుగు, కాబట్టి ఇరవై అయిదు ఫ్రేములకు బదులు నాలుగింతలు, అంటే వంద ఫ్రేముల వేగంతో తీయాలి. అప్పుడే కూలే గోడకు, లేచే ధూళికి బరువు వస్తుంది. ఇప్పటి ఫోన్లు చాలావరకు 120 ఫ్రేములు తీస్తాయి. నీళ్లు మాత్రం పెట్టుకోకండి. నీటిబొట్టు బొమ్మతో పాటు చిన్నదవదు, అది బొమ్మ గుట్టు బయట పెట్టేస్తుంది.

5. గ్రీన్ మ్యాటూ పసుపూ

గ్రీన్ మ్యాట్ కట్టేముందు నటులు ఏం కట్టుకున్నారో చూడండి. ఆకుపచ్చ చీర, ఆకుపచ్చ గాజులు ఎలాగూ ప్రమాదమేనని అందరికీ తెలుసు. తెలియనిది పసుపు సంగతి. వీడియో లెక్కలో పసుపంటే ఎరుపు, ఆకుపచ్చ కలిసిందే. పెళ్లికూతురి కాళ్లకు రాసిన పసుపు, మెడలో పసుపుతాడు, గడప, బంతిపూల దండ అన్నీ క్రోమా కీ కొట్టినప్పుడు, అంటే మ్యాట్ రంగును తీసేసినప్పుడు, దెబ్బతింటాయి. ముఖం మీద పడిన ఆకుపచ్చ నీడ తీయడానికి డీస్పిల్ వాడితే పసుపు కాస్తా ఎరుపెక్కుతుంది. మన శుభకార్యాల సన్నివేశాలకు బ్లూ మ్యాట్ కట్టండి. నీలంలో గ్రెయిన్ కొంచెం ఎక్కువ వస్తుంది, దానికోసం వెలుగు ఎక్కువ పెట్టుకోండి.

ఏ రంగు మ్యాటైనా మనిషి దానికి కనీసం ఏడెనిమిది అడుగులు ముందు ఉండాలి. మ్యాట్ మీద వెలుగు అన్నిచోట్లా సమానంగా ఉండాలి, ముడతలు ఇస్త్రీతో పోవాలి. లైట్లకు డబ్బుల్లేకపోతే పొద్దున తొమ్మిదింటికి ఇంటి పడమటి గోడ నీడలో కట్టండి. అక్కడ దొరికే మెత్తటి వెలుగు ఏ అద్దె లైటూ ఇవ్వదు.

ఫోనులో, మామూలు కెమెరాల్లో జుట్టు అంచులు ఎందుకు పీకినట్టు వస్తాయని అడుగుతారు. అవి దాచే పద్ధతిలో వెలుగు ప్రతి చుక్కకూ ఉంటుంది గానీ, రంగు మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కటే. కీ పనిచేసేది రంగు మీద. అందుకని అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. మందు ఏమిటంటే 4కేలో తీసి, కీ కొట్టి, ఫుల్ హెచ్‌డీకి దించడం. విరబోసిన జుట్టు, మల్లెల చుట్టూ ఎగిరే వెంట్రుకలు ఉన్న షాటుకు మ్యాట్ జోలికే పోకండి, జడ వేయించండి.

6. పొగ, మంచు, వాన: ఇంట్లోనే

ఇంటర్నెట్టులో దొరికే మంట, పొగ అందరూ వాడేసినవే. ఒకే పేలుడును పది షార్ట్ ఫిల్ముల్లో చూశాను. మీవి మీరే తీసుకోండి. రాత్రిపూట నల్ల వెల్వెట్ గుడ్డ కట్టి, పక్క నుంచి ఒక్క లైటు వేసి, సాంబ్రాణి పొగ తీయండి. టైమ్‌లైనులో దాన్ని ‘స్క్రీన్’ మోడ్‌లో పెడితే నలుపు మాయమై పొగ ఒక్కటే మిగులుతుంది. టేబుల్ ఫ్యాను ముందు పత్తి సన్నగా పీకి వదిలితే మంచు. దాన్నే వేగం తగ్గించి, కింద నుంచి నారింజ రంగు వెలుగిస్తే కాలే ఊరి నుంచి లేచే నుసి. వాన కావాలంటే పొలం మందు కొట్టే స్ప్రేయరు బాగా పనిచేస్తుంది, వెనక నుంచి వెలుగు పడాలి. అయితే ఇప్పటిదాకా మందు పోయని కొత్తది వాడండి, నటుల మీద విషం చల్లకండి. దుమ్ముకు బియ్యప్పిండి వాడేవాళ్లు దగ్గర్లో దీపం లేకుండా చూసుకోండి, గాల్లో లేచిన పిండి భగ్గుమంటుంది. ఎర్ర ధూళి కోసం కారం చల్లుదామన్న మహానుభావుడు మా ఊళ్లోనే ఉన్నాడు. అతనికి నేను చెప్పింది ఇక్కడ రాయలేను.

7. కల్లంలో ఎరుపు

మిరపకాయలు ఆరబోసిన కల్లం అందరికీ ఇష్టమైన లొకేషను. తీసినవాళ్లలో సగం మంది ఎరుపును పాడుచేసుకొస్తారు. కెమెరా చూపించే వెలుగు గీత అంతా బాగుందనే చెబుతుంది, ఎందుకంటే అది మూడు రంగుల సగటు. ఆకుపచ్చ, నీలం తక్కువగా ఉండి ఎరుపు ఒక్కటే నిండిపోయి ఉంటుంది. అప్పుడు కాయకూ కాయకూ మధ్య తేడా పోయి, కల్లమంతా ఒక ఎర్ర ప్లాస్టిక్ పట్టా అవుతుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ ఆ ముడతల్ని, తొడిమల్ని వెనక్కి తేలేదు. ఒక స్టాపు తగ్గించి తీయండి. డీఐలో మూడు రంగులు విడివిడిగా చూపించే ఆర్‌జీబీ పరేడ్ తెరిచి, ఎరుపు పైగీతకు తగలకుండా చూడండి. పత్తిచేలో తెలుపుకూ ఇదే జాగ్రత్త.

రంగుల దగ్గరే ఇంకోమాట. వెక్టర్‌స్కోప్‌లో చర్మానికి ఒక గీత ఉంటుంది. నల్లనివాళ్లు, చామనఛాయ వాళ్లు, తెల్లవాళ్లు అందరి చర్మమూ దాదాపు ఆ గీత మీదే పడుతుంది, ఎక్కువగా మారేది వెలుగే. ఎండలో మిరపకాయలు కోసే మనిషిని తెల్లగా పాలిపోయినట్టు చేసి ‘బ్యూటీ’ అంటున్నారు. పెళ్లి వీడియోలతో మా తరమే మొదలుపెట్టిన జబ్బిది. కథా చిత్రాల్లోకి దాన్ని రానివ్వకండి.

8. యాభై

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైటు, చౌక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు వందసార్లు మినుకుతాయి. ఫోను దానంతటది 30 ఫ్రేములు, 1/60 షట్టరు పట్టుకుంటే తెర మీద పట్టీలు పాకుతాయి. 25 ఫ్రేములు, 1/50 షట్టరు పెట్టుకోండి. ఫోనులో హెచ్‌డీఆర్ ఆపేయండి. కొన్ని ఫోన్లు ఫ్రేము వేగాన్ని వాటంతటవే మారుస్తుంటాయి, దాంతో షాటు చివరికొచ్చేసరికి పెదాలు ఒకచోట, మాట ఒకచోట అవుతాయి. అలాంటి ఫుటేజీని హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో స్థిరమైన ఫ్రేము వేగానికి మార్చి అప్పుడు ఎడిటింగుకు తీసుకోండి. ఫుటేజీ వాట్సాప్‌లో పంపేవాళ్లు డాక్యుమెంటుగా పంపండి. వీడియోగా పంపితే పిండేసి పంపుతుంది.

9. షాట్లు లెక్కపెట్టాకే ఒప్పుకోండి

మ్యాట్ లేకుండా తీసిన మనిషిని వెనకున్న దృశ్యం నుంచి విడదీయాలంటే ఫ్రేము ఫ్రేముకూ చుట్టూ గీయాలి. అదే రోటో. సెకనుకు ఇరవై అయిదు ఫ్రేములు, నాలుగు సెకన్ల షాటుకు వంద. వేళ్లు, జుట్టు, ఎగిరే కండువా ఉంటే ఒక మనిషికి రోజులు పడుతుంది. కథ చదివేటప్పుడే ఎన్ని షాట్లకు పని పడుతుందో, ఒక్కోటి ఎన్ని సెకన్లో కాగితం మీద రాయండి. చిన్న సినిమాకు అవి పది దాటితే కథ మార్చుకోవడం మేలు.

మార్చుకోవడమంటే చిన్నబోవడం కాదు. 2012లో వచ్చిన ‘ఈగ’ చూడండి. కథానాయకుడు సినిమాలో ఎక్కువభాగం మాటల్లేని ఓ పురుగు. దాని ముఖంలో భావం పలికించే వీల్లేదు కాబట్టి కాళ్ల కదలికతో, తల తిప్పడంతో చెప్పించారు. చేతగాని దాన్ని కథలోంచే తీసేసి, వీలయ్యేదాన్ని పట్టుకున్నారు. మకుట సంస్థ చేసిన ఆ పనికి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ పురస్కారం వచ్చింది. అది తక్కువ ఖర్చు సినిమా కాదు, కానీ ఆ ఆలోచనకు ఖర్చు లేదు. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’ పక్కన ఆడిన పెద్ద సినిమాలతో పోలిస్తే చిన్న బడ్జెట్టుదే. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో జాతీయ పురస్కారం దానికి వచ్చింది.

షాటు ఎంతసేపుంటుందన్నది కూడా ఖర్చే. రెండు సెకన్లలో నమ్మించేది అయిదు సెకన్లయితే దొరికిపోతుంది. కట్ చేయడానికి వెనకాడకండి.

10. కట్ ఖాయమయ్యాకే గ్రాఫిక్స్

ఎడిటింగు లాక్ కాకముందే గ్రాఫిక్స్ మొదలుపెడితే, తర్వాత దర్శకుడు ఆ సీనే ఎత్తేస్తాడు. రాత్రింబవళ్లు గీసిన రోటో చెత్తబుట్టలోకి పోతుంది. లాక్ అయ్యాక కూడా ప్రతి షాటుకూ ముందూ వెనకా పదేసి ఫ్రేములు ఎక్కువ ఇచ్చి పంపండి.

11. సాఫ్ట్‌వేరుకు డబ్బు పెట్టకండి, దొంగదీ వాడకండి

డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షనులో ఎడిటింగు, డీఐ, సౌండు, గ్రాఫిక్స్‌కు ఫ్యూజన్ అన్నీ ఉన్నాయి. అల్ట్రా హెచ్‌డీ దాకా వాటర్‌మార్కు లేకుండా ఫైలిస్తుంది. గ్రెయిన్ తగ్గించడం లాంటి కొన్ని మాత్రం డబ్బులిచ్చే వెర్షనులో ఉంటాయి. త్రీడీకి, కెమెరా ట్రాకింగుకు బ్లెండర్ ఉంది, అదీ ఉచితమే. లాత్వియా దర్శకుడు చిన్న బృందంతో బ్లెండర్‌లో చేసిన ‘ఫ్లో’ 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకుంది. ఇక సాఫ్ట్‌వేరు లేక ఆగిపోయామన్న మాట చెల్లదు. పెన్‌డ్రైవులో చేతులు మారుతూ తిరిగే క్రాక్ సాఫ్ట్‌వేర్లలోంచి ఫైళ్లకు తాళాలేసి డబ్బులడిగే వైరస్‌లు వస్తాయి. ఒక కుటుంబం పెళ్లి మొత్తం అలా పోతే మీరు ఏం చెప్పి బయటపడతారు?

ఎడియస్ ఎడిటింగు సాఫ్ట్‌వేరులో పెళ్లి వీడియోలు చేసి వచ్చినవాళ్లకు ఫ్యూజన్‌లోని నోడ్ల తీగలు మొదట్లో తలనొప్పిగా ఉంటాయి. నెల రోజులు ఓపిక పట్టండి.

12. చెవి మోసపోదు

ప్యాచ్‌లో అతుకు ఉన్నా క్షమిస్తారు, మాట వినపడకపోతే ఫోను పక్కన పడేస్తారు. షూటింగులో ఫ్యాను ఆపండి. నటులు కదలకుండా ఉండగా ఆ చోటి నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేయండి. మాటల మధ్య అతుకులు పూడ్చేది అదే. డబ్బింగుకు స్టూడియో అద్దె ఎందుకు? గదిలో మూడు పక్కలా పత్తి పరుపులు నిలబెట్టి, మైకు మధ్యలో పెట్టండి. మన చేలల్లో పండిన పత్తి గోడల ప్రతిధ్వనిని బాగా మింగేస్తుంది. యూట్యూబుకు మొత్తం శబ్దం మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర ఉండేలా చూసుకోండి. అంతకన్నా గట్టిగా ఇచ్చినా వాళ్లే తగ్గిస్తారు. బలహీనమైన గ్రాఫిక్స్‌ను నిలబెట్టేదీ శబ్దమే. గోడ కూలే చప్పుడు సరిగా పడితే కూలిన గోడను అంత పట్టి చూడరు.

13. పోయినవాళ్లను తీసుకురమ్మంటారు

ఈ పని ఇప్పుడు బాగా పెరిగింది. "నాన్న పెళ్లికి లేడు, పీటల పక్కన కూర్చున్నట్టు పెట్టండి" అని ఫొటో తెస్తారు. ఏఐతో ఆ ఫొటో కదులుతుంది, కళ్లు ఆర్పుతుంది, ఆశీర్వదిస్తుంది. డబ్బొచ్చే పనే. నేను రెండు షరతులు పెట్టుకున్నాను. మొదటిది, ఆ మనిషి భార్యో, భర్తో బతికుంటే ముందు వాళ్లను అడగాలి, పెళ్లిరోజు పెద్ద తెర మీద హఠాత్తుగా చూపించకూడదు. రెండోది, పోయినవాళ్ల నోట కొత్త మాట పలికించను. అక్షింతలు వేస్తున్నట్టు చేయి కదిలిస్తే చాలు. బతికున్న నాయకుడో, నటుడో మీ సినిమాను మెచ్చుకుంటున్నట్టు వీడియో చేయమంటే చేయకండి, చేసినవాడి మీదకే వస్తుంది. పోయినవాళ్ల పనికి ఫొటో ఎంచుకునేటప్పుడు వెలుగు ఏ పక్క నుంచి ఉందో చూడండి. ఫొటోలో ఎడమ నుంచి, మండపంలో కుడి నుంచి వెలుగుంటే ఎంత ఏఐ అయినా అతికించినట్టే ఉంటుంది.

14. ఎండ, కరెంటు, డిస్కులు

సెకనుకు వంద మెగాబిట్ల 4కే ఫుటేజీ గంటకు 45 జీబీ తింటుంది. మామూలు ల్యాప్‌టాపు దాన్ని మోయలేదు. ప్రాక్సీలు, అంటే చిన్న సైజు నకళ్లు చేసుకుని ఎడిట్ చేయండి, చివర్లో అసలు వాటితో రెండర్ ఇవ్వండి. మే నెలలో మా ఊళ్లో రెండరింగు రాత్రిపూటే. పగటి వేడికి మిషను తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. పెద్ద రెండరును ఒకే ఫైలుగా కాకుండా ఫ్రేముల వరుసగా ఇస్తే, కరెంటు పోయినా ఆగిన ఫ్రేము నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఫుటేజీ రెండు డిస్కుల్లో ఉండాలి, రెండోది వేరే ఇంట్లో ఉండాలి. ఒకే బీరువాలో పెట్టిన రెండు డిస్కులు ఒకటి కిందే లెక్క.

15. డబ్బు మాట, ఆఖరి చూపు

ఎన్ని షాట్లు, ఎన్నిసార్లు కరెక్షన్లు, ఎప్పుడు ఎంత డబ్బు అన్నది మొదటిరోజే వాట్సాప్‌లో రాసి పెట్టుకోండి. స్నేహితులైతే మరీ రాసుకోండి. సగం అడ్వాన్సు లేకుండా రోటో ముట్టుకోకండి.

ఫైనల్ ఫైలు వచ్చాక ఒకసారి ఫోనులో, ఒకసారి ఇంట్లో టీవీలో, మొదటి నుంచి టైటిల్స్ అయిపోయేదాకా వేరొకరితో కలిసి చూడండి. అప్పటికి మీ కళ్లు అలవాటు పడిపోయి ఉంటాయి, కొత్త కళ్లు కావాలి. ముఖ్యంగా టైటిల్స్‌లో పేర్లు చదివించండి. మూలన ఒక కరెంటు తీగ మిగిలిపోతే ఎవరూ పట్టించుకోరు. కృతజ్ఞతల్లో ఇంటిపేరు తప్పు పడితే మాత్రం, పొలం షూటింగుకిచ్చిన మావయ్య పొద్దున్నే ఫోన్ చేస్తాడు.